చలిగదిలో ఖాళీ మంచం

పోయిన వారం మీరు నన్ను వంటింటి గుమ్మంలో, చేతిలో సూపు గిన్నెతో నిలబెట్టి వెళ్లిపోయారు. నేనింకా అక్కడే ఉన్నాను. సూపు చల్లారిపోయింది, అంతే తేడా.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు మాటలు. నా పేరు ఎర్లీన్. అయోవాలో ఈ కాలేజీ ఊళ్లో లిండెన్ హౌస్ అనే ఇంటికి నేను హౌస్ మదర్‌ని. ఇది హాస్టల్ కాదు, అలాగని కాపురాలుండే ఇల్లూ కాదు. కాలేజీ ఆడపిల్లల సోదరీ సంఘం ఒకటి తొంభై ఏళ్ల కింద కట్టుకున్న సొంత గూడు. ఇందులో చేరిన పిల్ల చదువు ముగించి వెళ్లినా, పెళ్లి చేసుకున్నా, మనవళ్లను ఎత్తుకున్నా చచ్చేదాకా సంఘానికి అక్కో చెల్లెలో. నేను మాత్రం జీతానికి వచ్చినదాన్ని. ఎన్ని జ్వరాలకు తడిగుడ్డ వేసినా ఈ ఇంట్లో నేను బయటిదాన్నే.

ఇల్లు బాగా పాతబడింది. ఈ వేసవికి మరమ్మతులు మొదలుపెట్టకపోతే తాళం వేయిస్తామని కాలేజీవాళ్లు చెప్పేశారు. అందుకని చందాల కోసం పాత విద్యార్థినులందరినీ కూడగట్టే పని కోనీ ట్రెడ్‌వే నెత్తిన వేసుకుంది. వాళ్లందరిలోకీ పెద్దది, పెద్ద చెయ్యి ఉన్నది ఆర్డిస్ క్వామ్. ఆవిడ సరే అంటే మిగతా అందరూ సరే అంటారు. ఆవిడ సరే అంది కూడా. ఒకటే షరతు. మూడో అంతస్తులో చలిగదిని ముట్టుకోకూడదు, అందులో ఖాళీ మంచాన్ని అంగుళం కూడా జరపకూడదు.

చలిగది అంటే ఈ ఇంటి పడకగది. కింద గదుల్లో చదువుకునే బల్లలు, బట్టల బీరువాలే తప్ప మంచాలుండవు. నలభై మందీ పైనే పడుకోవాలి, మంచు కురుస్తున్నా కిటికీలు తెరిచే ఉండాలి. లోపల దీపం వెయ్యకూడదు, గుసగుసకు మించి గొంతు లేవకూడదు. ఓ మూల గోడకు ఆనించి ఒక మంచం ఉంటుంది. అది లెనోరా మంచం. లెనోరా ఎప్పుడో ఇక్కడే చదువుకుంటూ జబ్బుచేసి పోయిందట. ఆమె తిరిగొస్తే పడుకోవడానికి చోటుండాలని కొత్తగా చేరిన పిల్లలు వారం వారం ఆ మంచానికి ఉతికిన దుప్పటి పరుస్తారు. దాని మీద ఎవరూ కూర్చోరు కూడా.

ఇక పోయిన వారం ఏమైందంటే, కరెంటు వైర్ల కోసం మూడో అంతస్తు మెట్ల దగ్గర గోడ తవ్విన కాంట్రాక్టర్ డెల్, పొగగొట్టం ఇటుకలు బీటలు వారి ఉన్నాయని, వాటి వెనక దూలం కాలి బొగ్గయి ఉందని చూపించాడు. "ఇది ఎప్పుడో ఒకసారి అంటుకుని దానంతటదే ఆరింది. మళ్లీ ఆరుతుందని నేను మాటివ్వలేను. గొట్టం బాగుచేసేదాకా కింద పొయ్యిలో అగ్గిపుల్ల కూడా గియ్యొద్దు" అన్నాడు.

ఈ రోజేమో వ్యవస్థాపక దినం. కింద పూజలాంటి తంతు జరిపే గదిలో అందరిలోకీ పెద్దక్క తన చేత్తో గోడలోని కట్టెల పొయ్యి వెలిగించాలి. వెలిగిస్తే గానీ ఎవరినీ ఏమీ అడగరు, ఎవరూ ఏమీ ఇస్తామనరు. పైన చలిగదిలో ఏడుగురు పిల్లలు ఫ్లూ జ్వరంతో పడి ఉన్నారు. నా చేతిలో చల్లారిన సూపు వాళ్లదే.

కోనీ వంటింటి బల్ల దగ్గర లెమన్ బార్లు పళ్లెంలో సర్దుతోంది. ఈ ఏటి పిల్లల నాయకురాలు బ్రిన్ ఆమె ఎదురుగా నిలబడి ఉంది.

"కోనీ, మీరొక్కసారి పైకొచ్చి చూడండి. దూలం పట్టుకుంటే మసి చేతికొస్తోంది" అంది బ్రిన్.

"ఫోటో పంపావుగా తల్లీ, చూశాను. ఏ కాంట్రాక్టరైనా 'అంతా బాగానే ఉంది, నాతో పనిలేదు' అంటాడా? గోడ తవ్వితే దెయ్యం ఉందంటాడు, నేల తవ్వితే భూతం ఉందంటాడు. వాడి బతుకుతెరువు అది."

"పొయ్యి వెలిగించొద్దన్నాడు."

"ఎంతసేపు వెలుగుతుంది? మూడు కట్టెలు, ఒక పాట. నేను నీ అంత ఉన్నప్పటినుంచీ ఏటా వెలుగుతూనే ఉంది. అందరం నిక్షేపంలా ఉన్నాం కదా!"

"పైన పిల్లలున్నారు కోనీ. పైపర్ అయితే లేచి నిలబడలేకపోతోంది."

కోనీ చేతిలో లెమన్ బార్ ఆగింది. మనిషి చెడ్డది కాదు. ఈ ఇంటికోసం ఆమె ఎక్కని గుమ్మం లేదు, పట్టుకోని గడ్డం లేదు. కళ్ల కింద నల్లటి చారలు పౌడరుకు కూడా లొంగడం లేదు.

"ఆర్డిస్ దగ్గరికెళ్లి, 'మీరు వెలిగించే పొయ్యి పనికిరాదు' అని ఈ రోజే చెప్పమంటావా? లేచి కారెక్కుతుంది. ఆవిడ వెనకే మిగతావాళ్లూ ఎక్కుతారు. ఇంటికి తాళం పడుతుంది. అప్పుడు మీ నలభై మందీ ఎక్కడుంటారో నువ్వే చెప్పు. రేపు నేనే డెల్‌ని పిలిచి మొట్టమొదట ఆ గొట్టమే బాగు చేయిస్తాను. ఈ ఒక్కపూట నోరు మూసుకో."

నేనుండలేకపోయాను. "కొరివితో తల గోక్కోవడమే ఇది కోనీ. అలారం కూడా పనిచెయ్యట్లేదు, దుమ్ముకే కూస్తోందని డెల్ మనుషులు తీసి పక్కన పెట్టారు."

"మంచిదేగా, పాట మధ్యలో కూయకుండా ఉంటుంది" అంది కోనీ. తర్వాత గొంతు తగ్గించి, "ఎర్లీన్, ఇది సంఘం విషయం" అని పళ్లెం తీసుకుని వెళ్లిపోయింది.

ఆ ఒక్కమాటతో నా నోటికి తాళం పడింది.

బ్రిన్ నా మోచెయ్యి పట్టుకుంది. పిల్ల చెయ్యి మంచుగడ్డలా ఉంది. "మామ్ ఎర్లీన్, ఆర్డిస్ లేకుండా పొయ్యి వెలగదు కదా?"

"ఎలా వెలుగుతుంది? పెద్దక్కే వెలిగించాలి."

"అయితే ఆవిడ్ని పైకి తీసుకుపోదాం. తన కళ్లతో చూస్తే తనే వద్దంటుంది. అనకపోయినా, ఆవిడ మన దగ్గరున్నంతసేపూ కింద నిప్పు పడదు."

నాకూ బాగానే తోచింది.

హాల్లో ఆర్డిస్ క్వామ్ ఎత్తు కుర్చీలో కూర్చుని ఉంది. తెల్లటి చేతి తొడుగులు, మెళ్లో ముత్యాలు, ఒళ్లో కర్ర. ఆ కర్రని ఆవిడ నడవడానికి వాడేది తక్కువ, జనాన్ని పక్కకు తొయ్యడానికి వాడేది ఎక్కువ. పక్కన వినిఫ్రెడ్ కూర్చుంది. ఇద్దరికీ ఏడాదే తేడా. ఆ ఏడాది తేడా వల్ల వినిఫ్రెడ్‌కి ఎప్పుడూ ఏదీ ముందుగా దక్కలేదు.

"దగ్గుతున్నావేం ఆర్డిస్? ఒంట్లో నలతగా ఉందా?" అంటోంది వినిఫ్రెడ్.

"ఆశపడకు వినిఫ్రెడ్. నేనింకా పదేళ్లుంటాను."

బ్రిన్ వంగి, "ఆర్డిస్, మీ పాత చలిగది చూస్తారా? తంతు మొదలని గంట కొట్టేలోపు వచ్చేద్దాం" అంది.

ముసలావిడ మొహంలో ఏదో వెలిగింది. "మోకాళ్లు ఒప్పుకోవు" అంది, మళ్లీ అంతలోనే, "అయినా వాటినెవరు అడిగారు, పద" అని లేచింది.

మూడు అంతస్తులు ఎక్కడానికి మాకు యుగం పట్టింది. నేను ఒక పక్క, బ్రిన్ ఒక పక్క. మలుపు మలుపుకీ గోడల మీద పాత అక్కల ఫోటోలు. ఒక్కోదాని ముందు ఆగి ఆర్డిస్ ఎవరు ఎవరి ప్రియుణ్ని ఎగరేసుకుపోయారో చెబుతోంది. నాకు ఒక్క ముక్కా తలకెక్కలేదు. నా చెవులన్నీ కింద గంట మీదే ఉన్నాయి.

పై మెట్టు దగ్గర గోడకు డెల్ మనుషులు ప్లాస్టిక్ పట్టా కట్టి పోయారు. బ్రిన్ దాన్ని పక్కకు లాగింది. ఎర్ర ఇటుకల మధ్య వేలు దూరేంత బీటలు, వాటి వెనక నల్లటి దూలం. నేను అంతకుముందు చూసిందే.

"ఏమిటిది?" అంది ఆర్డిస్.

"పొగగొట్టం. వెనక చెక్క కాలిపోయింది. మీరు ఈ రోజు పొయ్యి వెలిగించకూడదు."

ఆర్డిస్ తొడుగు వేసిన వేలితో దూలాన్ని రాసింది. వేలు నల్లబడింది. ఆ నలుపును చాలాసేపు చూసుకుంది. "మంచం చూపిస్తానని తీసుకొచ్చి మసి చూపిస్తున్నావు. కోనీ చెప్పమందా?"

"చెప్పొద్దంది."

"ఊఁ. ధైర్యమైతే ఉంది నీకు. బుద్ధి ఉందో లేదో లోపల తేల్చుకుందాం. నా గది చూడందే నేను దిగను."

చలిగది తలుపు తోశాం. లోపల పట్టపగలే చీకటి. ముదురు రంగు కర్టెన్ల వెనక కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి. ఊపిరి వదిలితే ఆవిరి కనిపిస్తోంది. వరసగా రెండంతస్తుల మంచాలు, ఏడింటి మీద మాత్రం దుప్పట్ల కుప్పలు. కరెంటు దుప్పట్ల చిన్న చిన్న ఎర్రదీపాలు అక్కడక్కడా మిణుకుమంటున్నాయి. ఎవరో నిద్రలో దగ్గారు. అది పైపర్ దగ్గు, నాకు తెలుసు.

"జ్వరాలున్న పిల్లల్ని ఈ చలిలో పడుకోబెట్టారా?" అంది ఆర్డిస్. గుసగుసగానే అంది. ఇన్నేళ్లయినా ఆ గది కట్టుబాటు ఆవిడ గొంతు మరిచిపోలేదు.

"మరెక్కడ పడుకోబెట్టమంటారు?" బ్రిన్ కూడా గుసగుసే, కానీ పళ్లు బిగబట్టిన గుసగుస. "కింద మంచాల్లేవు. ఆర్కిటెక్ట్ గదులు మారుస్తానన్నాడు. కిందికి ఇంకో మెట్లదారి పెడతానన్నాడు. సరిగ్గా అదిగో, ఆ లెనోరా మంచం ఉన్న చోట. మీరే వద్దన్నారు."

"ఆ మంచం జోలికి రావొద్దన్నాను."

"ఎప్పుడో పోయిన మనిషి కోసం బతికున్న నలభై మందికి ఒక్కటే దారా? ఆ దారి పక్కనే కాలిన గోడ! ఆ గోడ చూసినప్పటినుంచి గుమ్మం పక్క మంచం నేను తీసుకున్నాను. ఎందుకో తెలుసా? పొగ వస్తే మొదట నాకే తగలాలని. పడుకుంటున్నానే గానీ కన్ను మూతపడట్లేదు ఆర్డిస్. నాకు భయంగా ఉంది. చచ్చేంత భయంగా ఉంది."

ఇది నాకు తెలియదు. ఈ పిల్ల ఇన్ని రాత్రులు అలా కాపలా కాస్తోందా?

ఆర్డిస్ ఆ చీకట్లో సన్నగా నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వుకు నేను నిజంగా హడలిపోయాను. ముసలావిడకి మతి తప్పిందేమో అనుకున్నాను.

"పిచ్చిదానా, లెనోరా పోవడమేమిటి? అసలు పుడితేగా!"

"ఏమిటీ?"

"మా రోజుల్లో ఆ గోడకి తలుపుండేది. బయట ఇనప మెట్లు. మగపిల్లల్ని కలవాలంటే అట్నుంచే దిగేవాళ్లం. అప్పటి హౌస్ మదర్ కనిపెట్టి తలుపుకి మేకులు కొట్టించింది. మేం ఊరుకుంటామా, పీకేశాం. పీకినట్టు ఆవిడకి తెలీకుండా తలుపు మీద కర్టెన్, కర్టెన్ ముందు మంచం. మంచాన్ని ఎవరూ కదపకుండా ఓ చచ్చిపోయిన అక్కయ్య! పేరు నేనే పెట్టాను. లెనోరా అని అప్పట్లో నేను రుద్దుకునే సబ్బు పేరు."

ఆవిడ గొంతులో సిగ్గు తొణికింది. "మా ఆయన హార్లన్ నన్ను మొదటిసారి ముద్దు పెట్టుకుంది ఆ మెట్ల కిందే" అంది.

వారం వారం ఉతికిన దుప్పట్లు, దాని ముందు కళ్లనీళ్లు పెట్టుకున్న పిల్లలు, పరీక్షల ముందు దాని కోడు పట్టుకుని మొక్కుకున్న పిల్లలు, అంతా ఒక సబ్బుకా! నేనూ ఒకటి రెండుసార్లు ఆ మంచం పక్కన నేలమీద కూర్చుని నా గోడు చెప్పుకున్నాను. అగ్నిమాపక తనిఖీకి వచ్చినవాళ్లను కూడా చలిగది గుమ్మంలోనే ఆపి, ఇంతకు మించి బయటివాళ్లు రాకూడదని మర్యాదగా పంపించేవాళ్లం. ఆ మంచం వెనక ఏముందో ఇన్నేళ్లలో ఒక్కరూ చూడలేదు.

"అందుకే వద్దన్నాను. దారి ఉండగా ఇంకో దారెందుకు? నేను పోయాక కూడా ఏ ఆడపిల్లో ఆ తలుపు కనిపెట్టి నవ్వుకోవాలని నా ముచ్చట. చూస్తారేం, జరపండి మంచాన్ని."

నాకు ఏడుపొచ్చినంత పనైంది, సంతోషంతో. దారి ఉంది! ఒక్క నిమిషం కింద లేని దారి ఇప్పుడుంది. నేనూ బ్రిన్ చెరోవైపు పట్టి మంచాన్ని లాగాం. కాళ్లు నేలకు అతుక్కుపోయాయి కాబోలు, కీచుమంటూ కదిలింది. ఏ మంచం మీదనుంచో "ష్‌ష్" అని విసుక్కున్నారు. కర్టెన్ చేతిలోనే చివికి ఊడొచ్చింది. దాని వెనక గోడ రంగే వేసిన తలుపు, తుప్పుపట్టిన గడియ.

బ్రిన్ గడియ మీద చెప్పుతో కొట్టింది. భుజంతో ఒకసారి తోసింది, రెండోసారి తోసింది. మూడోసారి తలుపు బయటికి విసురుగా తెరుచుకుంది, ఎండిన తీగలు పటపటా తెగాయి, మంచుగాలి మొహాన కొట్టింది. ఆ ఊపులో బ్రిన్ కాలు గడప దాటింది.

నేను ఆమె స్వెట్టర్ పట్టుకుని వెనక్కి గుంజాను. ఇద్దరం మంచం మీద పడ్డాం.

గడప అవతల ఏమీ లేదు. గోడలోంచి రెండు ఇనప ముక్కలు, రంపంతో కోసినవి, మంచు కప్పుకుని పొడుచుకొచ్చి ఉన్నాయి. వాటి కింద మూడంతస్తుల లోతు. అట్టడుగున అద్దాల పైకప్పు తళతళలాడుతోంది.

"మెట్లేవి?" అంది ఆర్డిస్. పోగొట్టుకున్న బొమ్మను అడిగే పాప గొంతులా ఉంది. "ఇక్కడ మెట్లుండాలి. మెట్లేవి ఎర్లీన్?"

నాకు అర్థమైంది. అర్థం కాకుండా ఉంటే బాగుండేది. కింద ఉన్నది ఎండగది. దాని గుమ్మం పక్క ఇత్తడి పలక మీద పాత విద్యార్థినుల కానుక అని ఉంటుంది. వారానికోసారి తుడిచేది నేనే. మొదటి పేరు ఆర్డిస్ క్వామ్.

"మీరు అద్దాల గది కట్టించారు కదా" అన్నాను. "నేను రాకముందు. ఈ గోడ కిందే కట్టారు. అడ్డమని కోసేసి ఉంటారు."

ఆర్డిస్ గోడ పట్టుకుంది. "పూలకుండీలకి బాగుంటుందన్నారు. వెలుతురు బాగా వస్తుందన్నారు. అడిగారు, ఇచ్చాను. ఏం తీసేసి కడుతున్నారని నేను అడగలేదు." ఆవిడ మసి వేలితో నోరు మూసుకుంది. పెదవి మీద నల్లటి గీత పడింది. "మళ్లీ ఇప్పుడు ఇంకో దారి పెడతామంటే వద్దన్నాను. ఎవరైనా చెప్పొచ్చు కదా నాకు!"

ముందు నుయ్యి, వెనక గొయ్యి అనే మాట వంద సార్లు విని ఉంటాను. నిలబడి చూడటం ఇదే మొదటిసారి. సరే, గొయ్యి ఇంకా తెరుచుకోలేదు కదా అని నన్ను నేను సముదాయించుకుంటున్నాను. సరిగ్గా అప్పుడే నేల కిందనుంచి పాట వినబడింది.

చాలామంది ఆడగొంతులు, మెల్లగా, తియ్యగా. ఆర్డిస్ తల విదిలించి ఎత్తింది.

"అది పొయ్యి పాట."

"మీరిక్కడుంటే వాళ్లెలా పాడతారు?" అంది బ్రిన్. "పెద్దక్క లేకుండా..."

"పెద్దది లేకపోతే దాని తర్వాత పెద్దది. అదే నియమం. ఇన్నాళ్లూ నేను ఎగ్గొట్టలేదు కాబట్టి మీకు తెలీదు." ఆర్డిస్ కళ్లు పెద్దవయ్యాయి. "వినిఫ్రెడ్! గంట కొట్టేదాకా కూడా ఆగలేదు ముండ! నిప్పు పెట్టాకే పాట ఎత్తుకుంటారు. ఇది రెండో చరణం."

ఆవిడ్ని పైకి తీసుకొస్తే పొయ్యి వెలగదనుకున్నాం. కిందే ఉండి ఉంటే, ఎవరు చెప్పినా చెప్పకపోయినా, కనీసం వెలిగించే చెయ్యి ఆవిడదయ్యేది, ఆపే నోరూ ఆవిడదయ్యేది. ఇప్పుడు ఆపగలిగిన ఒకే ఒక్క మనిషి మూడో అంతస్తులో, మా పక్కన నిలబడి ఉంది.

నేను గుమ్మం వైపు తిరిగాను. మేం తెరిచిన తలుపు గదిలో గాలినంతా బయటికి ఈడుస్తోంది. మెట్ల దగ్గర ప్లాస్టిక్ పట్టా బొర్ర ఉబ్బినట్టు ఉబ్బి, చప్పబడి, మళ్లీ ఉబ్బింది. దాని అంచు కిందనుంచి సన్నగా, బూడిదరంగులో ఒక పాయ జారి చలిగది గడప మీదికి పాకింది. మొదట నా ఊపిరి ఆవిరే అనుకున్నాను. వాసన తగిలాక పై ప్రాణాలు పైనే పోయాయి.

"లేవండి!" అని అరిచింది బ్రిన్. ఈ గది పుట్టాక ఇందులో ఎవరూ అరిచి ఉండరు. "అందరూ లేవండి! పొగ!"

దుప్పట్ల కుప్పల్లోంచి ఒకటి కదిలి, "ష్‌ష్" అంది.

బ్రిన్ ఆ దుప్పటిని పట్టి ఒక్క లాగు లాగింది. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య నొక్కి ఫైరింజన్ వాళ్లకు అడ్రస్ చెబుతూనే రెండో మంచం దగ్గరికి పరిగెత్తింది. "వస్తున్నారట. రోడ్ల మీద మంచు, లేటవుతుందట. మామ్ ఎర్లీన్, మీరు కిందికెళ్లి పొయ్యి ఆర్పించండి!"

"నువ్వెళ్లు, కుర్రదానివి."

"పైపర్‌ని మొయ్యాలి. మీరు మొయ్యగలరా? వెళ్లండి!"

ఆర్డిస్ అప్పటికే ఒక పిల్లకు చెప్పులు తొడుగుతోంది. వంగలేని మనిషి మోకాళ్ల మీద కూలబడి తొడుగుతోంది. నా వైపు చూసి, "వినిఫ్రెడ్‌తో నేను చెప్పానని చెప్పు. నీళ్లు పొయ్యమను. బిషప్ వచ్చి వద్దన్నా ఆపమను" అంది.

పట్టా పక్కనుంచి వెళుతుంటే గోడ సెగ చెంపకు తగిలింది. దూలం ఎర్రగా లేదు, కానీ లోపల ఏదో చిటపటమంటోంది. కళ్లు మండాయి. కమ్మీ పట్టుకుని దిగాను, దిగాననడం కంటే జారాననడం నిజం. నా మోకాళ్లు కూడా ఈ మధ్య ఒప్పుకోవడం లేదు. వాటినెవరు అడిగారు.

కింద ఆ గది తలుపులు మూసి ఉన్నాయి. వాటి ముందు చిన్న బల్ల, బల్ల మీద వెదురు బుట్ట. తంతు మొదలయ్యే ముందు అందరూ ఫోన్లు అందులో పడేసి లోపలికెళతారు. బుట్టనిండా ఫోన్లు, అన్నీ వెలుగుతూ ఆరుతూ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఒక తెర మీద బ్రిన్ పేరు, దాని పక్కదాని మీద బ్రిన్ పేరు. పైనుంచి పిల్ల దొరికినవాళ్లకల్లా చేస్తోంది.

తలుపు మీద రెండు చేతులతో బాదాను. "తలుపు తియ్యండి! పొయ్యి ఆర్పండి!"

లోపల గడియ దగ్గర ఒక పిల్లను కాపలా పెడతారని తెలుసు. సంఘం వాళ్లు కొట్టే తట్టు వేరే ఉంటుంది. ఎన్ని తట్టులో, ఎలా తట్టాలో నాకు తెలీదు, ఎవరూ చెప్పరు. నేను బయటిదాన్ని. తలకాయతో కూడా కొట్టాను.

"నిప్పు! ఇల్లు అంటుకుంది! నేను ఎర్లీన్‌ని!"

పాట ఒక్క లిప్త తడబడింది. నా ప్రాణం లేచొచ్చింది. విన్నారు.

అప్పుడు గుర్తొచ్చింది. మగపిల్లలు ఏటేటా ఈ రోజున తలుపు దగ్గరికొచ్చి 'నిప్పు, నిప్పు' అని అరిచి ఏడిపించేవాళ్లట. ఆడగొంతు పెట్టి హౌస్ మదర్ పేరు చెప్పేవాళ్లట. అందుకని ఈ సంఘంలో అడుగుపెట్టిన ప్రతి పిల్లకూ మొట్టమొదట నేర్పేది ఒకటే. తంతు నడిచేటప్పుడు బయటివాళ్లు ఏం చెప్పి కొట్టినా గడియ తియ్యకూడదు. ఇంకా గట్టిగా పాడాలి.

వెనక్కి తిరిగి చూశాను. మెట్ల రెండో మలుపులో దీపం ఉండాలి. పొగలో కనిపించలేదు. ఆ పైన ఎక్కడో పైపర్ దగ్గుతోంది, ఆగి ఆగి, ఆ దగ్గు కిందికి దిగిరావడం లేదు.

"కోనీ!" అని అరిచాను. "పిల్లలు పైనున్నారు కోనీ! నీకు తెలుసు! నువ్వే తియ్యాలి!"

లోపల పాట ఒక్కసారిగా పైకి లేచింది. తలుపు చెక్క నా అరచేతుల కింద అదిరింది. అన్ని గొంతుల్లోకీ పైన, అందరికంటే గట్టిగా, ఊపిరి కూడా తిప్పుకోకుండా పాడుతున్నది కోనీ.